మారేడుమిల్లి వాగు లార్వా: హైడ్రోసైకిడే కుటుంబాన్ని ఎలా పోల్చుకోవాలి

మారేడుమిల్లి దగ్గర ఒక వాగులో, నీరు వడిగా పారే చోట రాళ్ళు తిరగేసి చూస్తే ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న గోధుమ రంగు పురుగులు కనిపించాయని, వాటి పొట్ట కింద తెల్లని కుచ్చులు ఉన్నాయని, పక్కనే రాయికి ఒక చిన్న వల అంటుకుని ఉందని మీరు రాశారు. ఇవి కాడిస్‌ఫ్లై (నీటిలో లార్వాగా పెరిగి, ఆపై చిమ్మటలా ఎగిరే కీటకం) లార్వాలేనా, అయితే ఏ కుటుంబానివి, ఆ మాట ఎంత నమ్మకంగా చెప్పవచ్చు అన్నది మీ మొదటి ప్రశ్న. మీ మిత్రుడు వీటిని రయాకోఫిలిడే అనే మరో కాడిస్‌ఫ్లై కుటుంబానివి అన్నారు; ఫోనులోని యాప్ ఒక అడుగు ముందుకు వేసి హైడ్రోసైకీ పెల్లుసిడ్యులా అని జాతి పేరే చెప్పేసింది. అదే రాత్రి మీరు బస చేసిన చోట దీపం దగ్గరికి వచ్చిన లేత ఆకుపచ్చ రెక్కల పురుగు ఈ లార్వాల ప్రౌఢ రూపమేనా అన్నది రెండో ప్రశ్న.

ముందు తేల్చి చెప్పగలిగినవి చెబుతాను. మీ ఫోటోల్లోని లార్వాలు హైడ్రోసైకిడే కుటుంబానివి. ఇందులో నాకు సందేహం లేదు. రయాకోఫిలిడే అన్న మాట నిలవదు. యాప్ చెప్పిన కుటుంబం సరైనదే గాని, జాతి పేరును పూర్తిగా పక్కన పెట్టేయండి. పెల్లుసిడ్యులా యూరప్ జాతి. ఆ యాప్‌కు తెలిసిన ఫోటోల్లో ఎక్కువ భాగం అక్కడివే కాబట్టి, తూర్పు కనుమల వాగు పురుగును చూపించినా అది అక్కడి పేరే వెతికి పెడుతుంది. ఇక ఆకుపచ్చ పురుగు, నా అంచనా ప్రకారం, ఇదే కుటుంబానిదే కాని వేరే ఉపకుటుంబానికి చెందినది. మీ లార్వాకు, దానికి జంట కుదరదు. ఈ నిర్ణయాల వెనుక ఉన్న ఆధారాలను కాస్త విస్తరించి రాస్తాను, ఎందుకంటే ఈ కుటుంబం విషయంలో ఒకే లక్షణం పట్టుకుని పేరు పెట్టేయడం చాలా మందికి అలవాటు. ఆ అలవాటు వల్లనే తప్పులన్నీ వస్తున్నాయి.

కాడిస్‌ఫ్లైలన్నీ ట్రైకాప్టెరా అనే క్రమానికి చెందుతాయి. లినేయస్ 1758లో వీటిని న్యూరాప్టెరా అనే మరో క్రమంలో కలిపేశాడు. విలియం కర్బీ 1813లో రెక్కల మీది వెంట్రుకలను ఆధారం చేసుకుని వీటికి ప్రత్యేక క్రమాన్ని ఏర్పాటు చేశాడు. సీతాకోకచిలుకలు, చిమ్మటలు ఉన్న లెపిడాప్టెరా వీటికి అతి దగ్గరి బంధువు. చిమ్మట రెక్కల మీద పొలుసులు ఉండే చోట వీటికి వెంట్రుకలు ఉంటాయి, రెండు క్రమాల్లోనూ లింగ క్రోమోజోములు ఆడ పురుగులో భిన్నంగా ఉంటాయి, రెండింటి లార్వాలూ కింది పెదవి గ్రంథుల నుంచే పట్టు తీస్తాయి. మీ వాగులోని వల దారం, మల్బరీ పట్టుపురుగు గూటి దారం ఒకే పూర్వికుడి నుంచి వచ్చిన సొత్తన్న మాట. ఈ పోలిక పేరుకు మాత్రమే కాదు. లార్వా గుర్తింపులో అది మనల్ని ఇబ్బంది పెడుతుంది కూడా. ఆ సంగతి కింద వస్తుంది.

క్రమం లోపలి విభజనకు 1924లో రష్యన్ కీటక శాస్త్రవేత్త ఆంద్రేయ్ మార్టినోవ్ వేసిన పునాదే ఇప్పటికీ నిలిచి ఉంది. ప్రౌఢ కీటకం నోటి పక్కన ఉండే జంభికా స్పర్శాంగంలో చివరి కణుపు మెత్తగా, వంగేదిగా, సన్నని వలయాలు వలయాలుగా ఉంటే ఆన్యులిపాల్పియా. మిగతా కణుపుల్లాగే మామూలుగా ఉంటే ఇంటెగ్రిపాల్పియా. లార్వా జీవితాన్ని బట్టి చూసినా ఈ విభజన చాలావరకు సరిపోతుంది: మొదటి వర్గం లార్వాలు ఒకచోట స్థిరంగా గూడు కట్టుకుని వల పన్నుతాయి, రెండో వర్గంలోని ఎక్కువ కుటుంబాలు ఇసుకతోనో ఆకు ముక్కలతోనో తొడుగు కట్టుకుని దాన్ని మోసుకుంటూ తిరుగుతాయి. ఈ రెండింటిలోనూ ఇమడని రయాకోఫిలిడే, గ్లాసోసొమాటిడే, హైడ్రాప్టిలిడే వంటి కుటుంబాలను 1984లో స్పైసిపాల్పియా అని వేరు చేశారు గాని, ఆ వర్గం నిజంగా ఒకే మూలం నుంచి వచ్చిందా అన్న వివాదం అప్పటి నుంచీ ఉంది. ఇటీవలి విస్తృత డీఎన్ఏ అధ్యయనాలు ఆ కుటుంబాలను ఇంటెగ్రిపాల్పియా మొదళ్ళ దగ్గర ఉంచుతున్నాయి. మీ పురుగుకు ఈ వివాదంతో పనిలేదు. హైడ్రోసైకిడే ఆన్యులిపాల్పియాకు చెందుతుందనడంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

ఈ కుటుంబానికి జాన్ కర్టిస్ 1835లో పేరు పెట్టాడు. దానికి మూలమైన హైడ్రోసైకీ ప్రజాతిని అంతకు ఏడాది ముందు, 1834లో, జెనీవాకు చెందిన పిక్టే వర్ణించాడు. ఇప్పటికి ప్రపంచవ్యాప్తంగా ఈ కుటుంబంలో పదిహేను వందలకు పైగా జాతులు నమోదయ్యాయి. ట్రైకాప్టెరాలోని అతి పెద్ద కుటుంబాల్లో ఇది ఒకటి, పారే నీటిలో లెక్కకు అత్యధికంగా కనిపించేది కూడా చాలాచోట్ల ఇదే. అందుకే వాగులో రాయి ఎత్తగానే కనిపించిన కాడిస్‌ఫ్లై హైడ్రోసైకిడే అనుకోవడం సంభావ్యత రీత్యా తెలివైన పనే. కాని గుర్తింపు అంటే సంభావ్యత కాదు గదా.

మొదట అది కాడిస్‌ఫ్లై లార్వా అవునో కాదో చూడాలి. ఉదరం చివర ఒక జత పొట్టి కాళ్ళు, ఒక్కొక్క దాని కొసకు ఒకే ఒక కొక్కెం, తల మీద కనీకనిపించనంత చిన్న స్పర్శశృంగాలు (మీసాలు), ఉరానికి (తలకు, ఉదరానికి నడుమ ఉన్న భాగానికి) మూడు జతల కణుపుల కాళ్ళు. ఇవి ఉంటే అది ట్రైకాప్టెరా. అదే వాగులో, అదే రాయి కింద దొరికే, కాడిస్‌ఫ్లై కాని కోరిడాలిడే అనే కుటుంబపు లార్వాకు కూడా ఉదరం చివర కాళ్ళు ఉంటాయి గాని, ఒక్కొక్క కాలికి రెండేసి కొక్కేలు ఉంటాయి, ఉదరం పక్కల నుంచి పొడవాటి కొమ్మల్లాంటి అంగాలు పొడుచుకు వస్తాయి. అంతకంటే మోసం చేసేది నీటి చిమ్మట లార్వా. క్రాంబిడే కుటుంబంలోని కొన్ని చిమ్మటల లార్వాలు వడి నీటిలోని రాళ్ళ మీద పట్టు పరదా కప్పుకుని, ఉదరం పొడవునా మొప్పల దారాలతో జీవిస్తాయి. పైన చెప్పిన బంధుత్వం వల్ల పట్టూ ఉంటుంది, మొప్పలూ ఉంటాయి; ఫోటోలో చూస్తే హైడ్రోసైకిడే అని అనేయబుద్ధి అవుతుంది. తిరగేసి పొట్ట చూడండి. చిమ్మట లార్వాకు ఉదరం మధ్య ఖండితాల కింద కూడా పొట్టి కాళ్ళు ఉంటాయి, వాటి అడుగున చిన్న చిన్న కొక్కేలు వరుస కట్టి ఉంటాయి. కాడిస్‌ఫ్లైకి మధ్యలో అటువంటి కాళ్ళు ఎప్పుడూ ఉండవు. మీ మూడో ఫోటోలో పొట్ట స్పష్టంగా కనిపిస్తోంది, మధ్యలో కాళ్ళు లేవు.

ఇక కుటుంబం. హైడ్రోసైకిడే లార్వాకు మూడు లక్షణాలు కలిసి ఉండాలి. ఉరంలోని మూడు ఖండితాల పైభాగమూ గట్టి ఫలకాలతో కప్పబడి ఉండాలి. ఉదరం అడుగున, పక్కల వైపుగా, కొమ్మలు వేసిన మొప్పలు వరుసలు తీరి ఉండాలి. ఉదరం చివరి కాళ్ళ మొదట పొడవాటి వెంట్రుకల కుచ్చు ఉండాలి. ఈ మూడింటినీ నేను కావాలనే ఒకేచోట రాశాను. విడివిడిగా తీసుకుంటే వీటిలో మొదటిది ఇంకెక్కడైనా కనిపిస్తుంది, రెండోది ఒక్కటే ఫోటోలో చూస్తే చిమ్మటతో పొరపాటు వస్తుంది, మూడోది లోతుగా తెలియని వారికి బురద అంటుకున్న చీలికలా కనిపించి కంటికి ఆనదు.

మూడు గట్టి ఫలకాలు అన్నది చాలా గుర్తింపు పట్టికల్లో మొదటి ప్రశ్నగా వస్తుంది కాబట్టి అక్కడే ఆగిపోయేవారు ఎక్కువ. కాని ఆ లక్షణం హైడ్రాప్టిలిడే, ఎక్నోమిడే కుటుంబాల లార్వాలకు కూడా ఉంది. హైడ్రాప్టిలిడే చాలా చిన్నవి, సాధారణంగా ఐదారు మిల్లీమీటర్లు దాటవు, చివరి దశలో పర్సు ఆకారంలో తొడుగు కట్టుకుంటాయి, వాటి ఉదరానికి మొప్పల వరుసలు ఉండవు. పరిమాణం చూసే వాటిని తోసిపుచ్చవచ్చు. ఎక్నోమిడే సంగతి మాత్రం మన ప్రాంతంలో శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే ఎక్నోమస్ ప్రజాతి మన చెరువుల్లో, జలాశయాల్లో, నెమ్మదిగా పారే నీళ్ళలో మామూలుగా ఉంటుంది, ఫలకాలు కూడా మూడూ ఉంటాయి. కాని దానికి ఉదరం మీద మొప్పలు లేవు, తోక దగ్గర కుచ్చు లేదు. చెరువు గట్టు నుంచి తీసిన లార్వాకు మూడు ఫలకాలు చూసి హైడ్రోసైకిడే అని రాసిన జాబితాలు నాకు తారసపడుతూనే ఉంటాయి. నిలువ నీటి నుంచి ఈ కుటుంబం పేరు వచ్చిందంటే నేను ముందు మొప్పల గురించే అడుగుతాను.

మీ మిత్రుడు చెప్పిన రయాకోఫిలిడే ఎందుకు కాదో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. ఆ కుటుంబంలో ఉరం మొదటి ఖండితానికి మాత్రమే గట్టి ఫలకం ఉంటుంది, మిగతా రెండూ మెత్తగా ఉంటాయి. ఉదరం తొమ్మిదో ఖండితం పైన ఒక చిన్న ఫలకం ఉంటుంది. అవి వల పన్నవు, గూడు కట్టవు, రాళ్ళ మధ్య తిరుగుతూ వేటాడతాయి. వల పన్నే మిగతా కుటుంబాలను కూడా ఇదే తీరున దాటవచ్చు. ఫిలోపొటామిడే, పాలీసెంట్రోపోడిడే, స్టెనోసైకిడే మూడింటికీ మొదటి ఖండితం ఒక్కటే గట్టిగా ఉంటుంది. ఫిలోపొటామిడే లార్వా పై పెదవి మెత్తగా, ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ముందుకు వెడల్పై ఉంటుంది. మరే కుటుంబంలోనూ అలాంటి పెదవి ఉండదు కాబట్టి ఒకసారి చూస్తే మళ్ళీ పొరపడరు.

మీరు వల గురించి అడిగారు గనుక దాని దగ్గర కొంచెం ఆగుతాను. లార్వా రాయి మీద ఇసుక రేణువులు, ఆకు తునకలు పట్టుతో కలిపి చిన్న గూడు కట్టి, దాని ముందు ప్రవాహానికి అడ్డంగా వల నేస్తుంది. తలను అటూ ఇటూ ఊపుతూ నేసిన ఆ వల కళ్ళు దీర్ఘచతురస్రాలుగా, ఆశ్చర్యం కలిగించేంత సమానంగా ఉంటాయి. నీటిలో కొట్టుకొచ్చే ఆల్గే, ఆకు పొడి, చిన్న కీటకాలు అందులో చిక్కుకుంటే లార్వా వచ్చి తింటుంది. పక్క లార్వా గూడు ఆక్రమించబోతే లోపలిది తల అడుగున ఉన్న సన్నని గీతల మీద ముందు కాలి తొడను రాపిడి చేసి శబ్దం చేస్తుంది. ఆ గీతలు కూడా ఈ కుటుంబం గుర్తే, బాగా దగ్గరగా తీసిన ఫోటోలో తల కింద పక్కల కనిపిస్తాయి. వల కన్ను పరిమాణం ఉపకుటుంబాన్ని బట్టి ఎంత మారుతుందంటే, చల్లని కొండ ఏళ్ళలో ఉండే ఆర్క్టోసైకీ వల కన్ను దాదాపు అర మిల్లీమీటరు ఉంటే, మాక్రోస్టెమమ్ వల కన్ను సుమారు 5 మైక్రాన్ల వెడల్పు, 40 మైక్రాన్ల పొడవు ఉంటుంది. అంత సన్నని వల ప్రవాహానికి నేరుగా ఎదురొడ్డితే చిరిగిపోతుంది. అందుకే మాక్రోస్టెమమ్ ఒక గది కట్టి, నీరు లోపలికి రావడానికి ఒక రంధ్రం, బయటికి పోవడానికి ఇంకొకటి పెట్టి, నడుమ వలను నేస్తుంది. మీ రాయి మీది వల బయటికే, కంటికి కనిపించే కళ్ళతో ఉంది. ఉపకుటుంబం విషయంలో అది ఒక సూచన. అయితే రాయి నీటిలోంచి తీయగానే వల ముడుచుకుపోతుంది. ఎండిన వల కళ్ళు కొలిచి ఏదీ తేల్చకండి.

ఉపకుటుంబాలను సాధారణంగా ఐదుగా చెబుతారు: ఆర్క్టోసైకినే, డిప్లెక్ట్రోనినే, హైడ్రోసైకినే, మాక్రోనెమాటినే, స్మిక్రిడైనే. చివరిది అమెరికా ఖండాల్లోనూ ఆస్ట్రేలియా వైపునా ఉండేది, మనకు అక్కరలేదు. మొదటిది మన దేశంలో హిమాలయ ప్రాంతానిది. తల అడుగున రెండు బుగ్గ ఫలకాలను విడదీసే నడిమి ఫలకం దానికి ముందు నుంచి వెనుక దాకా సాగి రెండింటినీ పూర్తిగా వేరు చేస్తుంది. డిప్లెక్ట్రోనినేలో ఆ ఫలకం ముందొక ముక్క, వెనకొక ముక్కగా ఉంటుంది, వెనక ముక్క కూడా చెప్పుకోదగినంత పెద్దది. హైడ్రోసైకినేలో వెనక ముక్క చుక్కంత చిన్నదైపోయి, బుగ్గ ఫలకాలు చాలా దూరం నేరుగా కలుసుకుంటాయి. తల అడుగు ఫోటో లేకుండా ఈ మూడింటినీ విడదీయడం కుదరదు, మీరు తల పైభాగం మాత్రమే తీశారు.

మాక్రోనెమాటినేను మాత్రం మొప్పలు చూసి పట్టుకోవచ్చు. ఆ ఉపకుటుంబంలో ఒక్కొక్క మొప్ప నడిమి కాడకు ఇరువైపులా, కొబ్బరి మట్టకు ఆకులు ఉన్నట్టు, మొదటి నుంచి చివరిదాకా దారాలు ఉంటాయి. వాటి సంఖ్య నలభై దాకా వెళ్ళవచ్చు. మిగతా వాటిలో దారాలు పది లోపే ఉంటాయి, అవీ ఎక్కువగా కాడ కొస దగ్గరే గుంపుగా పుడతాయి. పైగా ఆ ఉపకుటుంబంలోని మాక్రోస్టెమమ్ లార్వా తల పైభాగం బల్లపరుపుగా, చుట్టూ పదునైన అంచుతో ఉంటుంది. మీ ఫోటోలో తల గుండ్రంగా ఉంది, అంచు లేదు, మొప్పల దారాలు కొసల్లోనే ఉన్నాయి. కనుక మాక్రోనెమాటినే కాదు. ఆర్క్టోసైకినేను ప్రాంతాన్ని బట్టి తీసేస్తే హైడ్రోసైకినే లేదా డిప్లెక్ట్రోనినే మిగులుతాయి. మొదటిదే అయి ఉండవచ్చని నా ఊహ, కాని తల అడుగు చూసేదాకా దాన్ని ఊహగానే ఉంచుతాను.

ఒకవేళ హైడ్రోసైకినే అని తేలితే తర్వాతి ప్రశ్న హైడ్రోసైకీయా, చ్యూమాటోసైకీయా అన్నది. ఉరం మొదటి ఖండితం అడుగున, ప్రధాన ఫలకం వెనకాల ముడతలో ఒక జత ఫలకాలు ఉంటాయి. అవి పెద్దవిగా, స్పష్టంగా ఉంటే హైడ్రోసైకీ వైపు, చిన్నవిగా ఉండి వెతికితే గాని కనిపించకపోతే చ్యూమాటోసైకీ వైపు మొగ్గాలి. వైపు అని అంటున్నది ఊరికే కాదు. మనకు అందుబాటులో ఉన్న లార్వా పట్టికలు ఎక్కువగా ఉత్తర అమెరికా, యూరప్ జంతుజాలం మీద తయారైనవి. ఆసియా ఉష్ణమండలంలో పొటామైయా, హైడ్రోమానికస్, హెర్బర్టోరోసియా వంటి ప్రజాతులు కూడా ఇదే ఉపకుటుంబంలో ఉన్నాయి. పట్టికలో లేని ప్రజాతిని పట్టిక ఎప్పుడూ చూపించదు. ఉన్నవాటిలోనే ఏదో ఒకదాని దగ్గరకు మనల్ని నెట్టి, సరైన సమాధానమే వచ్చిందన్న భ్రమ కలిగిస్తుంది. విదేశీ పట్టికతో ప్రజాతి దాకా వెళ్ళి ఆగకుండా పేరు రాసేయడం కంటే, ఉపకుటుంబం దగ్గర నిజాయితీగా ఆగడం మేలని నా గట్టి అభిప్రాయం. ఇంకొక మాట: లార్వాకు ఐదు దశలు ఉంటాయి, పట్టికలన్నీ చివరి దశను ఉద్దేశించినవే. చిన్న లార్వాల మీద వాటిని ప్రయోగించడం వృథా శ్రమ.

వర్గీకరణలో ఇంకా స్థిరపడని రెండు సంగతులు మీకు పుస్తకాల్లో ఎదురవుతాయి కాబట్టి చెబుతున్నాను. ఆర్క్టోసైకినేను కొందరు ఆర్క్టోసైకిడే అని స్వతంత్ర కుటుంబంగా రాస్తారు. మార్టినోవ్ ఆ దారి వేశాడు, ఫెర్నాండ్ ష్మిడ్ 1968లో దాన్ని కుటుంబంగానే విస్తృతంగా పరిశీలించాడు. దాన్ని ఉపకుటుంబంగా ఉంచేవారే ఇప్పుడు ఎక్కువ, నేనూ ఆ పక్షమే. రెండోది హైడ్రోసైకీ ప్రజాతి హద్దు. 1977లో దీని నుంచి సెరటోసైకీని విడదీశారు, మరికొన్ని పేర్లు కూడా వచ్చాయి. 2010లో డీఎన్ఏను, శరీర లక్షణాలను కలిపి చూసిన అధ్యయనం తర్వాత విశాలమైన హైడ్రోసైకీ అన్న భావనకు మళ్ళీ బలం వచ్చింది. పాత జాబితాలో సెరటోసైకీ అని, కొత్త జాబితాలో హైడ్రోసైకీ అని ఒకే జాతి కనిపిస్తే కంగారు పడకండి.

ఇప్పుడు ప్రౌఢ కీటకం. హైడ్రోసైకిడే ప్రౌఢ రూపానికి తల మీద సరళ నేత్రాలు ఉండవు. దీనితో ఫిలోపొటామిడే, స్టెనోసైకిడే తొలగిపోతాయి, వాటికి ఆ చిన్న కళ్ళు మూడూ ఉంటాయి. తరువాత ఉరం రెండో ఖండితం వీపు మీద వెంట్రుకల బుడిపెలు ఉన్నాయా అని చూడాలి. పాలీసెంట్రోపోడిడే, సైకోమైయిడే, ఎక్నోమిడే కుటుంబాల్లో అవి ఉంటాయి, హైడ్రోసైకిడేలో ఉండవు. జంభికా స్పర్శాంగానికి ఐదు కణుపులు, చివరిది పొడవుగా, వలయాలతో, మెత్తగా ఉంటుంది. ఆడ పురుగుల మధ్య కాళ్ళు చాలా ప్రజాతుల్లో చదునుగా వెడల్పై ఉంటాయి. గుడ్లు పెట్టడానికి అవి నీటిలోకి దిగి, ఆ కాళ్ళతో ఈదుకుంటూ రాయి అడుగుకు చేరుతాయి. వీపు బుడిపెలు చూడటానికి స్టీరియో మైక్రోస్కోప్ కావాలి, వెంట్రుకలు రాలిన పాత నమూనాల్లో అయితే ఇంకా తేలిక.

మీ ఆకుపచ్చ పురుగు మొదటి చూపుకు క్రైసోపా అనే పచ్చ రెక్కల వేరే కీటకం అనిపించవచ్చు. క్రైసోపా రెక్కలో అడ్డు ఈనెలు లెక్కలేనన్ని ఉండి జల్లెడ పట్టినట్టు కనిపిస్తాయి, కాడిస్‌ఫ్లైకి అడ్డు ఈనెలు కొన్నే. మీ ఫోటోలో రెక్కలు ఇంటికప్పు వాలులా మడిచి ఉన్నాయి, అడ్డు ఈనెలు తక్కువ, స్పర్శశృంగాలు శరీరం కంటే బాగా పొడవు. స్పర్శశృంగాలు పొడవు అనగానే లెప్టోసెరిడే అనే కాడిస్‌ఫ్లై కుటుంబం గుర్తుకు రావడం సహజం, కాని అంత వెడల్పు రెక్కలు, ఆ లేత ఆకుపచ్చ రంగు, ఆ పరిమాణం కలిసి మాక్రోనెమాటినేలోని పాలిమార్ఫానిసస్ ప్రజాతిని సూచిస్తున్నాయి. నదుల దగ్గర దీపాలకు వచ్చే ఈ ప్రజాతి మన దేశంలో తెలిసినదే. దీనికి, ఇదే వర్గంలోని ఏథలాప్టెరాకు ప్రౌఢ దశలో నోటి భాగాలు బాగా క్షీణించి ఉంటాయి. అందుచేత స్పర్శాంగం చివరి కణుపు వలయాలుగా ఉందా అని వెతికితే అసలు అంగమే కనిపించక, ఇది ఆన్యులిపాల్పియా కాదేమో అన్న అనుమానం వస్తుంది. మార్టినోవ్ లక్షణం ఉపక్రమం మొత్తానికి మంచిదే గాని ఇలాంటి చోట్ల చేతికి దొరకదు. ఫోటో ఒక్కటే ఉంది కాబట్టి దీన్ని మాక్రోనెమాటినే, బహుశా పాలిమార్ఫానిసస్ అని రాసుకోండి. మీ లార్వా మొప్పలు ఆ ఉపకుటుంబానివి కావని పైన చూశాం గనుక, రెండూ ఒక జాతి అయ్యే అవకాశం లేదు. దీపం దగ్గరికి వచ్చిన పురుగు పక్క వాగుదే కావాలనీ లేదు, దూరాన ఉన్న పెద్ద ఏటి నుంచి కూడా ఎగిరి రావచ్చు.

జాతి పేరు కావాలంటే దాదాపు అన్ని ప్రజాతుల్లోనూ మగ పురుగు జననాంగాలే ఆధారం. ఉదరం చివరి భాగాన్ని వేరు చేసి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేసి కండరాలు కరిగించి, గ్లిసరిన్‌లో పెట్టి, పదో ఖండితం, కింది అంగాలు, శిశ్నం ఆకారాలను పక్క నుంచి, పై నుంచి, కింద నుంచి చూడాలి. మన దేశంలో వెయ్యికి పైగా కాడిస్‌ఫ్లై జాతులు నమోదైనా, వాటిలో అధిక భాగం ఇలా ప్రౌఢ మగ పురుగుల మీద వర్ణించినవే, వాటి లార్వాలు ఏవో తెలియదు. లార్వాకు జాతి పేరు పెట్టలేకపోవడానికి అసలు కారణం మన కంటి లోపం కాదు, ఆ జంటలు ఇంకా కలపలేదు.

కలపడానికి ఒక చక్కని పాత పద్ధతి ఉంది, 1938లో మార్జరీ మిల్న్ దాన్ని వివరించారు. ప్యూపా దశ చివర్లో ఉన్న మగ కీటకాన్ని పట్టుకుంటే, దాని శరీరంలో ప్రౌఢ జననాంగాలు పూర్తిగా ఏర్పడి ఉంటాయి, అదే గూటి వెనక భాగంలో లార్వా వదిలిన తల ఫలకాలు, ఉరం ఫలకాలు ముడుచుకుని పడి ఉంటాయి. ఒకే గూటిలో లార్వా సాక్ష్యమూ ప్రౌఢ సాక్ష్యమూ దొరుకుతాయి. హైడ్రోసైకిడేలో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్యూపా రాయికి అంటుకున్న గులకరాళ్ళ గూటిలోనే ఉంటుంది. వాగులో లార్వాల మధ్య గట్టిగా మూసిన గులకరాళ్ళ గూళ్ళు ఏవైనా కనిపిస్తే వాటిని చిదపకుండా, మొత్తంగా రాయి మీది నుంచి సన్నని చాకుతో లేపి విడి సీసాలో వేయండి. ఇప్పుడు సీఓఐ అనే జన్యువులో, జాతిని గుర్తించడానికి వాడే 658 డీఎన్ఏ అక్షరాల బార్‌కోడ్ భాగాన్ని చదివి లార్వాను, ప్రౌఢాన్ని కలిపే పని కూడా జరుగుతోంది. అయితే డేటాబేస్‌లో ఆ జాతి ప్రౌఢ బార్‌కోడ్ లేకపోతే వచ్చే ఫలితం దగ్గరి బంధువు పేరే గాని మీ పురుగు పేరు కాదు. యాప్ చేసిన తప్పే ఖరీదైన యంత్రం కూడా చేయగలదు.

నీటి నాణ్యత సంగతి మీరు చివర్లో ఒక మాట అడిగారు: హైడ్రోసైకిడే ఉంటే వాగు శుభ్రంగా ఉన్నట్టేనా అని. అంత నేరుగా చెప్పలేం. బ్రిటన్‌లో రూపొందించిన కుటుంబ స్థాయి మార్కుల పద్ధతిలో లెప్టోసెరిడేకు 10, ఫిలోపొటామిడేకు 8, రయాకోఫిలిడేకు 7 ఇస్తే, హైడ్రోసైకిడేకు 5 మాత్రమే ఇచ్చారు. ఓ మోస్తరు సేంద్రియ మురికి ఉంటే వల పన్నే వీటికి తిండి ఎక్కువై సంఖ్య పెరుగుతుంది కూడా. కాడిస్‌ఫ్లైలన్నిటిలో వీటి వాటా ఎంత అన్న నిష్పత్తి అందుకే ఉపయోగపడుతుంది; ఇవి ఒక్కటే గుంపులుగా ఉండి మిగతా కుటుంబాలు కనిపించకపోతే పైన ఏదో మురికి కలుస్తోందా అని చూడాలి. విష పదార్థాలు కలిసిన నీటిలో వీటి వల కళ్ళ క్రమం చెదిరిపోతుందని కూడా ప్రయోగాల్లో తేలింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఏమి చేయాలో చెప్పి ముగిస్తాను. పాపికొండల జాతీయ ఉద్యానవనం హద్దుల్లోనూ, రక్షిత అడవిలోనూ నమూనాలు తీయడానికి అటవీ శాఖ అనుమతి ముందుగా ఉండాలి. లేకపోతే ఫోటోలతో సరిపెట్టుకోండి. అనుమతి ఉంటే పెద్ద లార్వాలు కొన్నింటిని 80 శాతం ఇథనాల్‌లో, డీఎన్ఏ కోసం ఒకటి రెండింటిని 95 శాతంలో వేయండి, మొదటి రోజే ఒకసారి ఇథనాల్ మార్చండి, లేకపోతే శరీరంలోని నీటితో పలచబడి నమూనా మెత్తబడుతుంది. చీటీ పెన్సిలుతో రాసి సీసా లోపలే పెట్టండి. ఊరు, వాగు, ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సేకరించినవారి పేరు ఉండాలి. రంగు కూడా అప్పుడే నోట్ చేసుకోండి, ఇథనాల్‌లో ఆకుపచ్చ నిలవదు. ఫోటోలైతే నాలుగు కావాలి: ఉరం పై నుంచి, ఉదరం పక్క నుంచి, తోక కుచ్చు దగ్గరగా, అన్నిటికంటే ముఖ్యంగా తల, మొదటి ఉర ఖండితం కింది నుంచి. నమూనాలను చివరకు సంస్థలో జమ చేయదలిస్తే భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు హైదరాబాద్‌లో మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఆ నాలుగో ఫోటోలో బుగ్గ ఫలకాలు పొడవునా కలుసుకున్నట్టు కనిపిస్తే హైడ్రోసైకినే అని, వెనకాల పెద్ద నడిమి ముక్క కనిపిస్తే డిప్లెక్ట్రోనినే అని మీరే దిద్దుకోవచ్చు. అంతవరకు మీ జాబితాలో లార్వా ఎదురుగా హైడ్రోసైకిడే, ఉపకుటుంబం తేలలేదు అని రాయండి.